రికార్డింగు స్టూడియోలో కెమెరా: తక్కువ ఖర్చుతో పాటకు వీడియో తీయడంలోని చిక్కులు

కరీంనగర్‌లో జానపద గీతం పాడించినా, విజయవాడలో భక్తిగీతం చేయించినా, హైదరాబాదులో అపార్టుమెంటు గదినే స్టూడియోగా మార్చుకుని కర్ణాటక కీర్తన రికార్డు చేసినా, ఇవాళ ఆ పాట చివరికి చేరేది ఎక్కువగా యూట్యూబుకే. అక్కడ బొమ్మ లేకుండా పాట పెట్టడం కుదరదు. అందువల్ల పాడటానికి వచ్చినవారు ఆడియో ఫైలుతో పాటు, పాడుతున్నప్పుడు తీసిన వీడియో కూడా కావాలని అడగడం చిన్న స్టూడియోలకు మామూలైపోయింది. బయటి నుంచి వీడియోగ్రాఫరును పిలిపిస్తే ఆయన ఒక రోజు కిరాయి స్టూడియో అద్దెను మించిపోవచ్చు. కాబట్టి ఆ పని స్టూడియోలోనే, ఉన్న మనుషులతోనే, తక్కువ ఖర్చులో చేసుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఆ ఆలోచన వచ్చిన వెంటనే అందరూ వేసే ప్రశ్న ఏ కెమెరా కొనాలని. నా దృష్టిలో అది ఆఖరున వేయవలసిన ప్రశ్న. నాలుగైదేళ్ల కిందటి మధ్యతరగతి ఫోను కూడా తగినంత వెలుతురులో 1080పి వీడియోను శుభ్రంగా తీస్తుంది. ఈ పనిలో అసలు కష్టం బొమ్మ నాణ్యతలో లేదు, బొమ్మ కాలాన్నీ శబ్ద కాలాన్నీ ఒకటి చేయడంలో ఉంది. పాట రికార్డయ్యే పద్ధతికీ వీడియో తీసే పద్ధతికీ స్వభావరీత్యానే పొత్తు కుదరదు. ఆ పొత్తు ఎలా కుదర్చాలో సెషను మొదలుకాకముందే తేల్చుకోకపోతే, ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా తరువాత ఎడిటింగు టేబుల్ దగ్గర రాత్రులు గడపవలసి వస్తుంది.

పొత్తు ఎందుకు కుదరదో చూద్దాం. స్టూడియోలో పాట ఒకే గుక్కలో తయారు కాదు. ముందు క్లిక్ ట్రాక్ (లయ తప్పకుండా వినిపించే టిక్ టిక్ శబ్దం) మీద కీబోర్డు, ఆ తరువాత రిథమ్, ఇంకో రోజు ఫ్లూటు, చివరన గొంతు వస్తాయి. గొంతు కూడా ఒకే టేకు కాదు. పల్లవి మూడో టేకు నుంచి, మొదటి చరణం ఐదో టేకు నుంచి, అందులోనూ ఒక పంక్తి పంచ్ ఇన్ చేసిన (అంటే ఆ చోటును మాత్రమే మళ్లీ పాడించి అతికించిన) ముక్క నుంచి తీసుకుని ఇంజినీరు ఒక పాటగా కూర్చుతాడు. వినేవారికి ఆ అతుకులు తెలియవు. కానీ ఏ టేకును తీసిన వీడియో ఆ టేకుకే చెందుతుంది. మూడో టేకులో గాయని కళ్లు మూసుకుని పాడి ఉండవచ్చు, ఐదో టేకులో చేయి చెవి మీద పెట్టుకుని ఉండవచ్చు. వినడానికి ఒక్కటిగా ఉన్న పాట చూడటానికి ముక్కలుగా బయటపడుతుంది.

దీనికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, పాట మిక్సింగు పూర్తయ్యాక దాన్ని స్పీకర్లలో వేసి, గాయకులు దానికి పెదవులు కలుపుతుండగా తీయడం. సినిమా పాటల చిత్రీకరణ పద్ధతి ఇదే. దీనివల్ల శబ్దం విషయంలో రాజీ ఉండదు, మైకు ముందు ఏ లైటు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. కానీ పెదవులు మాత్రమే కదిపే మనిషి మెడ నరాలు, ఊపిరి, భుజాలు నిజంగా పాడుతున్న మనిషివిలా ఉండవు. అందుకే చిత్రీకరణ సమయంలోనూ గాయకుల చేత నిజంగా గొంతెత్తి పాడించాలి, ఆ గొంతును వాడకపోయినా సరే. రెండోది, మొత్తం టేకును నిజంగా పాడుతుండగానే తీసి, ఆ టేకునే పాటకు ఆధారం చేసుకోవడం. స్టూడియో వీడియోకు విలువ ఉన్నది ఈ రెండో దారిలోనే అని నేను నమ్ముతాను. ఒక మనిషి గొంతు తెరిచి పాడిన క్షణానికి బొమ్మ సాక్ష్యంగా నిలవడం చిన్న విషయం కాదు.

ఈ రెండో దారిలో దిద్దుబాట్లు చేయకూడదని కాదు, ఏవి కంటికి కనబడతాయో, ఏవి కనబడవో తెలిసి చేయాలి. శ్రుతి సవరణ పెదవుల మీద కనబడదు. కాలంలో ఇరవై, ముప్పై మిల్లీసెకన్ల జరుపుడు కూడా కనబడదు. మాట మారితే మాత్రం వెంటనే పట్టుబడుతుంది, ముఖ్యంగా ప, బ, మ వంటి అక్షరాల దగ్గర. ఈ అక్షరాలు పలకాలంటే పెదవులు పూర్తిగా మూసుకోక తప్పదు, కాబట్టి నోరు తెరిచి ఉండగా ‘మ’ వినబడితే సాంకేతిక జ్ఞానం ఏమీ లేని ప్రేక్షకుడికి కూడా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. సింక్, అంటే బొమ్మకూ శబ్దానికీ ఉన్న పొత్తు, సరిచూసుకునేటప్పుడు పాటంతా చూడనక్కరలేదు. పల్లవిలోనూ ఆఖరి చరణంలోనూ ఇటువంటి అక్షరాలున్న మాటలు ఒకటి రెండు ఎంచుకుని, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ చూస్తే చాలు. ఒక పంక్తిని వేరే టేకు నుంచి తెచ్చి అతికించవలసి వస్తే, ఆ పంక్తి నడిచినంతసేపు బొమ్మను గాయని మీది నుంచి తబలా మీదికో, వయొలిన్ కమాను మీదికో మళ్లించాలి. రెండో కెమెరా అవసరం మొదట ఇక్కడే తలెత్తుతుంది. అందానికన్నా ముందు, అతుకును దాచుకోవడానికి అది కావాలి.

ఇక కాలం లెక్కలోకి వద్దాం. మైకు శబ్దాన్ని కంప్యూటరులోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ సెకనుకు ఇన్ని శాంపిళ్లు (కొలతలు) చొప్పున శబ్దాన్ని నమోదు చేస్తుంది. సీడీల కాలం నుంచి సంగీతంలో 44.1 కిలోహెర్ట్జ్ అలవాటు, వీడియో ప్రపంచంలో 48 కిలోహెర్ట్జ్ ప్రమాణం. ఒకదాన్నుంచి మరొకదానికి సాఫ్ట్‌వేర్ సరిగా మార్చుకుంటే ఇబ్బంది లేదు. పొరపాటున 44.1లో చేసిన ఫైలును 48గా చదివితే అయిదు నిమిషాల పాట ఇరవై నాలుగు సెకన్లకు పైగా కుదించుకుపోతుంది, శ్రుతి కీబోర్డు మీద ఒకటిన్నర కీ ఎత్తున పెరుగుతుంది. ఇంత పెద్ద తేడా ఎవరికైనా వినబడుతుంది కనుక అది దొరికిపోయే తప్పే. అయినా వీడియో తీయబోయే సెషనును మొదటి నుంచే 48 కిలోహెర్ట్జ్‌లో తెరిస్తే ఈ బెడదే ఉండదు.

దొరకని తప్పు వేరే ఉంది. ఇంటర్‌ఫేసులో ఒక గడియారం, ఫోనులో మరొక గడియారం నడుస్తుంటాయి, ఆ రెండూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. వాటి మధ్య పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉందనుకుంటే నిమిషానికి 3 మిల్లీసెకన్లు, అయిదు నిమిషాల పాటకు 15 మిల్లీసెకన్లు జారుతుంది. సెకనుకు 25 ఫ్రేములు తీసే వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి ఒక పాటలో ఈ జారుడు ఎవరికీ తెలియదు. కానీ కెమెరాను ఆపకుండా గంటసేపు నడిపితే అదే తేడా 180 మిల్లీసెకన్లకు, అంటే నాలుగు ఫ్రేములకు మించి పెరుగుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం శబ్దం బొమ్మకన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా ప్రేక్షకులు గుర్తుపట్టడం మొదలుపెడతారు. వెనకబడితే ఎక్కువ సహించడానికి కారణం ప్రకృతిలోనే ఉంది. దూరం నుంచి వచ్చే శబ్దం ఎప్పుడూ వెలుగు కన్నా ఆలస్యంగానే చేరుతుంది, మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్ల చొప్పున. ఒక్క పాట నిడివిలో జారుడు తెలియదు కాబట్టి, అన్ని పరికరాల కాలాన్నీ ఒకటిగా నడిపే ఖరీదైన టైమ్‌కోడ్ పరికరాలు కొనకుండానే ఈ సమస్యను దాటవచ్చు. గంటసేపు నడిచే ఒకే క్లిప్పు బదులు, ఒక్కో టేకుకు ఒక్కో క్లిప్పు తీసుకుని, ప్రతి టేకు మొదట్లో అన్ని కెమెరాలకూ కనబడేలా, అన్ని మైకులకూ వినబడేలా ఒకసారి చప్పట్లు కొట్టించాలి. ఎడిటింగులో ఆ చప్పుడు తరంగం మీద గీతలా నిలువుగా కనబడుతుంది, చేతులు కలిసిన ఫ్రేమును దానికి జత చేస్తే చాలు. ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్ అయితే ఫోను మైకులో పడిన శబ్దాన్నీ స్టూడియో శబ్దాన్నీ పోల్చి తనే జత చేస్తుంది. అందుకే ఫోను మైకు నాసిరకమైనా దాన్ని ఎప్పుడూ ఆపివేయకూడదు.

ఫోన్లతో మరొక చిక్కు కూడా ఉంది. చాలా ఫోన్ల సొంత కెమెరా యాప్‌లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతాయి. సెకనుకు 30 అని పైకి చెప్పినా ఒకచోట 29, మరొకచోట 30కి పైన ఉండవచ్చు. ఎడిటింగు సాఫ్ట్‌వేర్ దీన్ని స్థిరమైన వేగంగా భావిస్తే పాట మధ్యలో సింక్ అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కడ సరిచేసినా మరోచోట తప్పుతుంది. గడియారాల జారుడు ఒకే దిశలో సమంగా పెరుగుతుంది కనుక దానికి లెక్క ఉంటుంది, దీనికి ఉండదు. ఫ్రేము వేగాన్ని కుదురుగా పట్టి ఉంచే కెమెరా యాప్‌ను వాడటం దీనికి మందు. 2023లో ఐఫోనుకూ, మరుసటి ఏడు ఆండ్రాయిడ్‌కూ వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. ఇప్పటికే తీసేసిన క్లిప్పులను హ్యాండ్‌బ్రేక్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన వేగానికి మార్చుకుని ఆ తరువాతే ఎడిటింగుకు తీసుకోవాలి.

వెలుతురు దగ్గర డబ్బు ఖర్చు పెడితే ఆ ఖర్చు బొమ్మలో కనబడుతుంది. స్టూడియో గదులు సాధారణంగా చీకటిగా, ముదురు రంగు ఫోమ్‌తో, కిటికీలు లేకుండా ఉంటాయి. ఆ చీకట్లో ఫోను తన సున్నితత్వాన్ని బాగా పెంచుకోవడంతో ముఖం మీద ఇసుక చల్లినట్లు గరుకుదనం వస్తుంది. దాన్ని పోగొట్టడానికి పెద్ద కెమెరా కొనే బదులు ఒక మంచి ఎల్‌ఈడీ లైటును తెల్ల థర్మాకోల్ షీటు మీదికి తిప్పి, అక్కడి నుంచి తిరిగివచ్చే మెత్తని వెలుగును ముఖం మీద పడేలా చేస్తే చాలు. సినిమా సెట్ల మీద ఏళ్ల తరబడి చేస్తున్న పనే ఇది. అయితే ఆ షీటు మైకుకు దగ్గరగా ఉండకూడదు. నున్నని బల్లపరుపు వస్తువు ఏదైనా శబ్దాన్ని కూడా వెనక్కు పంపుతుంది.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. దానివల్ల అనేక ట్యూబులైట్లు, చవకరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మెరిసి తగ్గుతుంటాయి. కంటికి అది తెలియదు. కెమెరా షట్టరు 1/60 సెకను దగ్గర ఉంటే ఒక్కో ఫ్రేములో ఆ మెరుపులు పూర్ణసంఖ్యలో పడక, తెర మీద చీకటి పట్టీలు పాకుతున్నట్లు కనబడతాయి. అమెరికా అలవాటుకు తగినట్లు వచ్చే సెట్టింగులను మార్చకుండా వాడటమే ఇందుకు తరచుగా కారణం. షట్టరును 1/50 లేదా 1/100 దగ్గర కదలకుండా పెట్టి, ఫ్రేముల వేగాన్ని 25గా ఎంచుకుంటే మన కరెంటుకు అది అతికినట్లు సరిపోతుంది. ఐఫోనులో 25 ఫ్రేముల ఎంపిక మొదట కనబడదు, కెమెరా సెట్టింగులలో పాల్ (PAL) ఫార్మాట్లను చూపించమని చెప్పాలి. డిమ్మరుతో కాంతి తగ్గించిన అలంకరణ స్ట్రిప్ లైట్ల విషయం మాత్రం వేరు. అవి తమ సొంత వేగంతో ఆరి వెలుగుతుంటాయి కనుక షట్టరు సర్దినా పట్టీలు పోకపోవచ్చు. వాటిని పూర్తి కాంతిలో వెలిగించి, దూరంగా నేపథ్యంలో ఉంచడం మేలు. పైగా చవక డిమ్మర్లు, అడాప్టర్లు ఎలక్ట్రిక్ గిటారులో గుంయ్‌మనే మోత పుట్టిస్తాయి. లైట్లకు ఒక ప్లగ్గు లైను, ఆడియో పరికరాలకు మరొకటి ఉండాలి. ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడింటినీ టేకు మొదలుకు ముందే లాక్ చేయాలి, లేకపోతే గాయకుడు ముందుకు వంగిన ప్రతిసారీ గది రంగు మారుతుంది. రెండు ఫోన్లు వాడితే రెండింటికీ ఒకే తెల్లకాగితం చూపించి రంగు సరిచేసుకోవాలి.

కెమెరాను ఎక్కడ పెట్టాలన్నది వాద్యాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడ సాధారణ సూత్రాలు పెద్దగా పనికిరావు. గొంతు రికార్డు చేసే మైకుకు ముందు ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టరు అనే తెర ఉంటుంది కాబట్టి ఎదురుగా పెట్టిన కెమెరాకు నోరే కనబడదు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీలు పక్కకు జరిగి, కంటి ఎత్తుకు కాస్త కిందనుంచి తీస్తే పెదవులూ కళ్లూ రెండూ దొరుకుతాయి. కర్ణాటక సంగీతంలో కళాకారులు నేల మీద కూర్చుంటారు కనుక ట్రైపాడ్‌ను నిలబడిన మనిషి ఎత్తులో ఉంచితే నెత్తులే ఎక్కువ కనబడతాయి, దాన్ని కూర్చున్నవారి ఛాతీ ఎత్తుకు దించాలి. మృదంగాన్ని ఒక్క కెమెరాతో న్యాయంగా చూపడం కష్టం. వలంతల (కుడివైపు ముఖం) మీద వేళ్ల పనితనం, తొప్పి (ఎడమవైపు ముఖం) మీద అరచేతి గుమికి, ఈ రెండూ వాద్యానికి చెరో కొసన జరుగుతాయి. ఎదురుగా కొంచెం ఎత్తు నుంచి చూస్తేనే రెండు చేతులూ ఫ్రేములోకి వస్తాయి. వీణకు దూరపు ఫ్రేము ఎంత అందంగా ఉన్నా, మెట్ల మీద ఎడమచేతి వేళ్లు తీగను లాగి గమకం పలికించడం దగ్గరగా చూపకపోతే నేర్చుకునే పిల్లలకు ఆ వీడియో ఉపయోగపడదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్న తెలుగు పిల్లలకు ఇటువంటి దగ్గరి ఫ్రేము ఒక పాఠంతో సమానం. నాకు ఒక్క అదనపు ఫోను మాత్రమే దొరికితే దాన్ని నిస్సందేహంగా చేతుల మీదే పెడతాను.

ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, ఎందుకంటే మధ్యలో కాల్ వస్తే వీడియో ఆగిపోవచ్చు, నెట్‌వర్కు సంకేతాలు కేబుళ్లలో చిటపటలు పుట్టించవచ్చు. చిన్న గదిలో అంతా పట్టాలని అతివిశాల లెన్సును వాడకపోవడం మంచిది, అది చాలా ఫోన్లలో చిన్న సెన్సరు మీద నడుస్తుంది కనుక చీకట్లో బొమ్మ పాడవుతుంది. టేకు సమయంలో శబ్దం రాకుండా ఏసీ ఆపివేయడం మనకు అలవాటు. మే నెలలో అలా అరగంట ఆపితే ఫోను వేడెక్కి రికార్డింగును తనంతట తానే నిలిపివేయవచ్చు. టేకుకూ టేకుకూ మధ్య ఏసీ వేసి, ఫోన్లను కవర్లు తీసి ఉంచితే మంచిది. ఫ్యాను ఉన్న లైట్లను గొంతు రికార్డు చేసే గదిలోకి రానివ్వకూడదు.

కొందరు ఎడిటింగు ఖర్చును తప్పించుకోవడానికి అక్కడికక్కడే కెమెరాలను మార్చుకుంటూ రికార్డు చేసుకుంటారు. 2019లో 295 డాలర్ల ధరతో వచ్చిన ఏటెమ్ మినీ అనే నాలుగు హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్ల స్విచరు ఈ పనిని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. కంప్యూటరు బాగుంటే ఉచితమైన ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తోనూ చేయవచ్చు, కాకపోతే కెమెరా బొమ్మను కంప్యూటరుకు అందించే చవక క్యాప్చర్ కార్డులు రెండింటిని ఒకే యూఎస్‌బీ హబ్బుకు తగిలిస్తే బ్యాండ్‌విడ్త్ చాలక బొమ్మ ఆగిపోతుంటుంది. ఈ దారిలో బొమ్మ కెమెరా నుంచి కంప్యూటరుకు చేరడానికి కొన్ని ఫ్రేముల ఆలస్యం పడుతుంది, శబ్దం ముందే చేరుతుంది. అందువల్ల ఓబీఎస్‌లోని సింక్ ఆఫ్‌సెట్‌లో శబ్దాన్ని ఆ మేరకు వెనక్కు జరపాలి. ప్రత్యక్ష ప్రసారానికి ఇది తప్పదు. పాట రికార్డింగుకు మాత్రం ఇది తొందరపాటనే అంటాను, ఎందుకంటే మార్చే మనిషి ఒక్క క్షణం ఆలస్యమైతే వయొలిన్ బిట్టు అయిపోయాక వయొలిన్ మీదికి వెళ్లిన బొమ్మ శాశ్వతంగా అలాగే మిగిలిపోతుంది. అన్ని కెమెరాలనూ విడివిడిగా నమోదు చేసే ఏటెమ్ మినీ ప్రో ఐఎస్‌ఓ వంటి మోడల్ అయితే ఆ నష్టం ఉండదు.

హార్డ్‌డిస్కు ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పదహారు ట్రాకులను గంటసేపు రికార్డు చేస్తే సుమారు 8.3 జీబీ అవుతుంది. సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున తీసిన ఒక్క కెమెరా గంటకే 11 జీబీ దాటుతుంది. మూడు కెమెరాలు నాలుగు గంటలు నడిస్తే 135 జీబీ. అదే 100 మెగాబిట్ల 4కె అయితే దానికి నాలుగింతలు. చిన్న స్టూడియోకు 1080పి చాలని నేను అనడానికి ఇదొక కారణం. పనికిరాని టేకుల వీడియోను ఆ సాయంత్రమే తొలగించి, పనికొచ్చినదాన్ని రెండు వేర్వేరు డిస్కులలో ఉంచుకోవాలి.

చివరగా హక్కుల విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. భారత కాపీరైట్ చట్టం, 1957కు 2012లో చేర్చిన 31సి సెక్షను ప్రకారం, ఒక పాట మొదటిసారి రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండరు సంవత్సరాలు గడిస్తే, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లించి దాని కవర్ వెర్షన్ చేసుకునే వెసులుబాటు ఉంది. అయితే ఆ వెసులుబాటు సౌండ్ రికార్డింగుకే. అదే పాటకు బొమ్మ జోడిస్తే చట్టం దృష్టిలో అది సినిమాటోగ్రాఫ్ ఫిల్ము అవుతుంది, చిన్న గదిలో ఫోనుతో తీసినా సరే. దానికి సాహిత్యం, సంగీతం హక్కులు ఉన్నవారి అనుమతి విడిగా కావాలి. త్యాగరాజు, అన్నమయ్యల కృతులకు మూల రచన మీద ఈ బెడద లేదు గానీ, వాటికి ఇటీవల ఎవరైనా కట్టిన కొత్త వరుసకు హక్కు ఉంటుంది. వాయించినవారి హక్కు వేరే ఉంది. ఒక కళాకారుడు రాతపూర్వకంగా ఒప్పుకుని ఫిల్ములో భాగమయ్యాక నిర్మాత ఆ వీడియోను వాడుకోవడానికి అడ్డు చెప్పలేడు, కానీ వాణిజ్యంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు ఆయనకు మిగిలే ఉంటుందని 38ఎ సెక్షను చెబుతోంది. తబలా వాయించడానికి ఒక పూట కూలికి వచ్చిన కళాకారుడికి తన ముఖం కూడా యూట్యూబులో ఉండబోతోందని ముందే చెప్పడం చట్టం కన్నా ముందు మర్యాద. కాబట్టి సెషను బుక్ చేసే కాగితంలోనే వీడియో ఎక్కడెక్కడ పెడతారు, ఎవరి పేర్లు ఎలా వేస్తారు, ఆదాయం వస్తే వాటా ఎంత, తీసిన ముడి వీడియో ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుంది అన్న నాలుగు విషయాలు తెలుగులోనే రాసి, మైకులు సర్దకముందే అందరి చేతా సంతకాలు చేయించుకోవాలి.